పద్నాలుగో పేరు

గ్లెనిస్ హాకింగ్ పాత గొడ్డలి కామ ఒకటి చేత్తో పట్టుకుని బస్సు చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునీ తట్టింది. గాలి నిండుగా ఉన్న టైరు ఖంగుమంటుంది. తగ్గినదైతే తడిగుడ్డ మీద కొట్టినట్టు పలుకుతుంది. ఈ పూట అన్నీ ఖంగుమన్నాయి. కామను డ్రైవరు సీటు వెనక్కి తోసి, వంగి సీట్ల కింద ఒకసారి చూసుకుని, చేతులు ప్యాంటుకు తుడుచుకుంది.

పొట్టి మనిషి. అరవై దాటాయి. జుట్టు తనే వంటింటి అద్దంలో చూసుకుంటూ కత్తిరించుకుంటుంది కాబట్టి ఎడమ చెవి దగ్గర ఎప్పుడూ కాస్త ఎక్కువ ఉంటుంది. కిటికీ వైపుండే కుడి చెయ్యి ఎండకు కమిలి, మచ్చలు తేలి, ఎడమ చేతికంటే పదేళ్ళు పెద్దదానిలా కనిపిస్తుంది. సీటు మీద దిండు లేకపోతే స్టీరింగు అవతల రోడ్డు కనబడదు. ఆ బస్సు అసలు ఆమె భర్త కోలిన్‌ది. అతనికి నడుం పట్టేసినప్పుడు, రెండు వారాలే కదా అని ఆమె ఆ సీటెక్కింది. అతని నడుం బాగుపడనూ లేదు, ఆమె దిగనూ లేదు. కోలిన్ పోయి కూడా ఆరేళ్ళవుతోంది.

సూర్యుడు గోధుమ చేల మీద అప్పుడే జానెడు పైకొచ్చాడు. కోతల కాలం. గాలినిండా సన్నటి పొట్టు. ధాన్యం గాదెల కింద రాలిన గింజల మీద గులాబీరంగు చిలకలు వాలి పోట్లాడుకుంటున్నాయి. యారాబిన్‌లో నవంబరు అంటే మామూలుగా ఎవరికీ తలెత్తే తీరిక ఉండదు. కానీ ఈ రోజు ఊరంతా ఒక కన్ను కోతయంత్రం మీదా, ఒక కన్ను గడియారం మీదా వేసుకుని కూర్చుంది. సాయంత్రం డ్రాఫ్ట్. దేశంలో చేత్తో పట్టి కాలితో తన్నే బంతాట ఆడే పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళలోంచి పెద్ద క్లబ్బులు ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా తమకు కావలసిన పేర్లు చదివే రోజు. ఎవరు చదివితే ఆ కుర్రాడు వాళ్ళవాడు. ఏ మూలకైనా సరే, మూటాముల్లే సర్దుకుని వెళ్ళవలసిందే. యారాబిన్ మొత్తం అభిమానించే పెద్ద క్లబ్బు ఒకటే, మెల్‌బోర్న్‌ది, తాతల కాలం నుంచి. ఆ క్లబ్బు వంతు ఈసారి పద్నాలుగోది. ఊళ్ళో పుట్టి పెరిగిన జెడ్ పోల్నర్ పేరు ఆ పద్నాలుగు దరిదాపుల్లోనే వినబడుతోంది.

పోల్నర్ల గేటు దగ్గర బస్సు ఆగింది. జెడ్ తల వంచి లోపలికొచ్చాడు. తలుపు ఎత్తు వాడికి చాలడం మానేసి రెండేళ్ళయింది. ఐదేళ్ళవాడప్పుడు ఈ మెట్టు ఎక్కలేక రెండు చేతులూ పైకి చాచేవాడు, ఎత్తుకోమని. రోజూ వెనక సీటులో కాళ్ళు బారజాపి కూర్చునేవాడు ఈవేళ గ్లెనిస్ వెనకే కూర్చున్నాడు.

ఏం పరీక్షని ఆమె అడిగింది. లెక్కలని, ఆఖరుదని చెప్పాడు. చదివావా అంటే, పుస్తకమైతే తెరిచానన్నాడు. కొంతదూరం పోయాక అద్దంలో ఆమె కళ్ళు వెతుక్కుంటూ అడిగాడు.

"మిసెస్ హెచ్, షాపు దగ్గర మీ వాళ్ళంతా నా గురించి ఏమనుకుంటున్నారు?"

"వెర్న్ నిన్ను కెప్టెన్ కూడా చేసేశాడు. కప్పు ఏ బీరువాలో పెట్టాలో వెతుకుతున్నాడు."

వాడు నవ్వాడు. "మరి మీరో?"

మలుపు దగ్గర ఆమె గేరు తగ్గించింది. "నేను బస్సు నడుపుతాను నాయనా, క్లబ్బు నడపను."

వాడు కిటికీలోంచి చూస్తూ, ఏ క్లబ్బు తీసుకున్నా తనకు సంతోషమేనన్నాడు. ఎవరడిగినా అలాగే చెప్పమని శిక్షకుడు నేర్పించాడట. ఆ మాట అప్పజెప్పేసి, గొంతు తగ్గించి, "కానీ మనవాళ్ళే తీసుకుంటే బాగుండును మిసెస్ హెచ్," అన్నాడు.

అంతలో ముందు గేటు దగ్గర ఇద్దరు ఆడపిల్లలు చేతులూపుతూ కనిపించారు.

పిల్లల్ని బడి ఉన్న ఊళ్ళో దింపి యారాబిన్‌కి తిరిగొచ్చేసరికి రోవీనా షాపులో పంచాయితీ మొదలైపోయింది. ఆ షాపు పోస్టాఫీసూ అదే, కిరాణా అదే, మాంసం కూరిన వేడి పై రొట్టెలు దొరికే చోటూ అదే. కిటికీ పక్క బల్ల ఒకటి. దాని దగ్గర వెర్న్ ఆల్కాక్ క్లబ్బు రంగుల ఊలు టోపీ పెట్టుకుని చెమటలు కారుస్తూ కూర్చున్నాడు. పొలం కొడుక్కి అప్పజెప్పి చాలా ఏళ్ళయింది. నోరు మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు. ఎదురుగా గ్లెనిస్ తమ్ముడు డారిల్. ధాన్యం గాదెల దగ్గర లారీలు తూచే పని. కనుబొమల మీద ఎప్పుడూ పొట్టు ఉంటుంది. కోలిన్ పోయాక అక్క ఇంట్లో వెనకగదిలోకి వచ్చి చేరాడు. ఇద్దరూ పొద్దున్నే టోస్టు, రాత్రి మాంసమూ ఒకే బల్ల మీద తింటారు. వాన గురించి మాట్లాడుకుంటారు. బంతి గురించి మాత్రం ఆ ఇంట్లో మాట రాదు. షాపులో వాదన జరిగినా డారిల్ టీ కలుపుకుంటూ వింటాడు, అంతే. అతని అభిప్రాయం ఎవరూ అడగరు.

వాదన కొత్తది కాదు, సెప్టెంబరు నుంచీ నడుస్తున్నదే. రోవీనాకు ఫోనులో అంకెలు కావాలి. ఏ కుర్రాడు ఎంత దూరం పరిగెత్తాడో, ఎంత ఎత్తు ఎగిరాడో అన్నీ ఆమెకు నోటికొచ్చు. ఆ అంకెలన్నీ టాస్మేనియాలో ఒక చిన్న కుర్రాడి వైపు చూపిస్తున్నాయని, వాడు మేకపిల్లలా ఎక్కడా నిలవడని ఆమె అంటుంది. వెర్న్‌కు అంకెలతో పని లేదు.

"మన ఊరి పిల్లాడు. వాడి తాతా నేనూ కలిసి ఒకే బంతి తన్నాం. ఇంకేం కావాలి మీకు?"

"మీరిద్దరూ తన్నిన ఏడాది మన ఊరు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు వెర్న్," అంది రోవీనా, ఒక పై రొట్టె పళ్ళెంలో పెడుతూ.

గ్లెనిస్ కుర్చీ లాక్కుని, ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. అడిలైడ్ కుర్రాడు గాడ్‌ఫ్రీని తీసుకోవాలి. తాటిచెట్టంత మనిషి. గోలు ముందు గాల్లో బంతి పట్టేవాడు లేక మూడేళ్ళుగా ఏడుస్తున్నాం. జెడ్ మంచివాడే, కాదనను, కానీ బంతి తన్నడానికి వాడికి ఎడమకాలు లేదు.

"ఎడమకాలు లేదా? పొద్దున నీ బస్సు ఒంటికాలితో ఎక్కాడా ఏంటి?"

రోవీనా నవ్వింది. గ్లెనిస్ నవ్వలేదు. వెర్న్ కూడా ఆపేశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. వేళాకోళం మానేసి అసలు మాట మాట్లాడబోతే అలా చేస్తాడు.

"నాకొకటి అర్థం కాదమ్మాయ్. ఐదేళ్ళ పసివాడప్పట్నుంచి వాణ్ణి మోశావు. వాడికి జ్వరమొస్తే బస్సు తిప్పి ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టొచ్చావు. ఊరంతా వాడు రావాలంటే నువ్వొక్కదానివే వద్దంటున్నావు. వాడేం చేశాడు నిన్ను?"

గ్లెనిస్ తన పై రొట్టె మీద సాస్ పోసుకుంది. కావలసిన దానికన్నా ఎక్కువే పడింది. సీసా పక్కన పెట్టింది.

"మనకొస్తే మనం తిడతాం వెర్న్."

వెర్న్ టోపీని ఇంకాస్త దూరం నెట్టాడు.

"నేను తిట్టను," అన్నాడు వెర్న్.

"మొన్న చలికాలం ఆ పందొమ్మిదేళ్ళ పిల్లాడు చేతిలోకొచ్చిన బంతి వదిలేస్తే, టీవీ ముందు నువ్వేమన్నావో నాకు గుర్తుంది. నేనేమన్నానో కూడా గుర్తుంది. నీకంటే ఎక్కువే అన్నాను. వాడికీ ఎక్కడో ఒక ఊరుంటుంది, ఒక బస్సుంటుంది. వేరే క్లబ్బుకి పోతే జెడ్ బాగా ఆడినప్పుడు సంతోషపడతాం, ఆడకపోతే అయ్యో అనుకుంటాం. మనవాడైతే, ఓడిపోయిన రోజున వాడి పేరే మన నోట్లో నలుగుతుంది. ఆ మాటలు మన నోటినుంచి వినే ఓపిక నాకు లేదు."

డారిల్ కప్పు తీసుకుని లేచాడు. సింకు దగ్గర కడిగి, బోర్లించి, లారీలొచ్చే వేళయిందని చెప్పి వెళ్ళిపోయాడు. తలుపుకున్న గంట చాలాసేపు ఊగింది. రోవీనా ఫోను బోర్లా పెట్టింది. వెర్న్ చల్లారిపోయిన పై రొట్టెని ఫోర్కుతో అటూఇటూ నెట్టాడుగానీ తినలేదు.

ఎందుకన్నానా అని గ్లెనిస్‌కు ఆ తర్వాత బస్సు కడుగుతున్నంతసేపూ అనిపిస్తూనే ఉంది. డారిల్ లేని చోట అని ఉండవలసింది. పద్దెనిమిదేళ్ళప్పుడు అతన్నీ ఇదే క్లబ్బు వచ్చి తీసుకెళ్ళింది. అప్పట్లో డ్రాఫ్టులూ, టీవీలో పేర్లు చదవడాలూ లేవు. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన కారులో వచ్చి, వంటింట్లో టీ తాగి, నాన్నతో చెయ్యి కలిపి తీసుకెళ్ళాడు. ఏడాదిన్నరకు డారిల్ తిరిగొచ్చాడు. కాలు విరగలేదు, చెయ్యి విరగలేదు, వాళ్ళకు అక్కర్లేకపోయాడు. అతని ఆఖరి మ్యాచ్ రోజున ఇంటిల్లిపాదీ మెల్‌బోర్న్ వెళ్ళారు. సన్నటి వాన. బంతి సబ్బుబిళ్ళలా ఉంది. గోలు ముందు నేరుగా వచ్చి డారిల్ గుండెకు తగిలి జారిపోయింది, అవతలి జట్టు అందుకుని అటు గోలు చేశారు. అవతలి క్లబ్బు వాళ్ళు నవ్వారు. తమ క్లబ్బు వాళ్ళు, తమ రంగుల మఫ్లరు వేసుకున్నవాళ్ళు, తమ వెనక వరసలోవాళ్ళు, తిట్టారు. ఆటంతా తిట్టారు. అమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. మఫ్లరు విప్పి, మడత పెట్టి, సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ మైదానానికి వెళ్ళలేదు.

గ్లెనిస్ మాత్రం వెళ్ళింది. పంటికింద రాయి తగిలిందని ఎవరూ తిండి మానెయ్యరు. క్లబ్బును వదులుకోలేకపోయింది, తమ్ముడి ముందు దాని ఊసెత్తలేకపోయింది. ఎవరైనా పాత రోజుల కబుర్లు మొదలుపెడితే మాట తప్పించింది. టీవీలో పాత మ్యాచ్‌లు వస్తే మార్చేసింది. నలభై ఏళ్ళుగా ఇది ఆమెకు టైర్లు తట్టినంత మామూలు అలవాటు.

సాయంత్రం పిల్లల్ని ఇళ్ళకు చేర్చే దారిలో బస్సంతా జెడ్ పేరే. వాడు మధ్యాహ్నమే తల్లి కారులో వెళ్ళిపోయాడు. సీట్లలో కూర్చోమని ఆమె రెండుసార్లు చెప్పింది, మూడోసారి బస్సు పక్కకు ఆపింది. అప్పుడు కూర్చున్నారు.

ఊరి ఆటస్థలం పక్కనున్న క్లబ్బు గదిలో ఏడయ్యేసరికి నిలబడే చోటు లేదు. కోతలు ఆపి వచ్చినవాళ్ళు, మెడల దాకా దుమ్ముతో. బయట ఇంకా ఎండ ఉంది. టీవీలో సూటువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పేర్లు చదువుతుంటే, పేరు పలికిన కుర్రాళ్ళు అక్కడే తల్లిదండ్రుల్ని కావలించుకుంటున్నారు. జెడ్‌కు అక్కడికి పిలుపు రాలేదు. వాడు పొలంలో ఇంట్లోనే ఉన్నాడు. రోవీనా అంకెల కుర్రాడు తొమ్మిదో పేరుగా సిడ్నీ వాళ్ళకు పోయాడు. ఆమె ఫోను సంచిలో పడేసింది. గాడ్‌ఫ్రీ మిగిలే ఉన్నాడు. జెడ్ మిగిలే ఉన్నాడు. పన్నెండో పేరు అయింది. పదమూడోదీ అయింది. డారిల్ తలుపు దగ్గర గోడకానుకుని నిలబడ్డాడు. అతను రాడనుకుంది గ్లెనిస్, వచ్చాడు.

వాళ్ళ క్లబ్బు మనిషి మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, ముందు కుర్రాడి ఊరు చదివాడు, యారాబిన్ అని. ఆ తర్వాత పేరు ఎవరికీ వినబడలేదు. వినవలసిన అవసరమూ లేకపోయింది.

గ్లెనిస్ చేతులు ఆమెను అడక్కుండానే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాయి. ఎవరో ఆమెను కావలించుకుని పైకెత్తారు. దించాక చూస్తే వెర్న్ టోపీలో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు. ఆమెను చూసి ముక్కు తుడుచుకుని, "వాణ్ణి ఒక్కమాటన్నా నా నోట్లో మట్టి కొట్టమ్మాయ్," అన్నాడు.

"నువ్వు మాడిపోయిన టోస్టుని కూడా తిడతావు," అంది రోవీనా.

"టోస్టు మన ఊరిది కాదుగా."

గది నవ్వింది. గ్లెనిస్ కూడా నవ్వి, తమ్ముడి కోసం చూసింది. తలుపు దగ్గర లేడు.

బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా ఆటస్థలం, ఎండిన గడ్డి, నాలుగు తెల్లటి స్తంభాలు. ఆమె మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా పక్కన కూర్చుంది. లోపలికి రమ్మంది. వెర్న్ ఏడుస్తున్నాడు, చూడముచ్చటగా ఉందంది. అతను కదల్లేదు.

"పొద్దున నువ్వన్నది నా గురించే కదా."

"కాదు."

"గ్లెన్."

ఆమె తెల్లటి స్తంభాల వైపు చూసింది.

"నేను మూడు మ్యాచ్‌లు ఆడాను," అన్నాడు డారిల్. కోపంగా అనలేదు, లారీ బరువు చదివినట్టు అన్నాడు. "రెండు బాగా ఆడాను. రెండోదాంట్లో రెండు గోల్స్ కొట్టాను. నీకు గుర్తుందా?"

ఆమె గుర్తుచేసుకోబోయింది. వాన గుర్తుంది, జారిన బంతి గుర్తుంది, అమ్మ మడత పెట్టిన మఫ్లరు గుర్తుంది. గోల్స్ గుర్తుకు రాలేదు.

"నువ్వొచ్చావు. నీలం కోటు వేసుకున్నావు. రెండో గోలు కొట్టాక నేను మీ వైపు చూశాను. నాన్న కుర్చీ ఎక్కి నిలబడ్డాడు." అతను అరచేత్తో మోకాలి మీది పొట్టు దులుపుకున్నాడు. "ఆ తిట్లు నేను ఎప్పుడో మర్చిపోయాను. గోలు దగ్గర బంతి వదిలేస్తే తిట్టక ముద్దుపెట్టుకుంటారా? కానీ ఇంటికొచ్చాక మీరెవ్వరూ ఆ ఊసే ఎత్తలేదు. నలభై ఏళ్ళుగా నన్ను ఆ మూడోదాన్నించి కాపాడుతూనే ఉన్నారు. దాంతోపాటు మొదటి రెండూ కూడా పోయాయి."

లోపల ఎవరో క్లబ్బు పాట అందుకున్నారు. శ్రుతి లేదు. మన్నించమంటే అతనికీ సిగ్గే, గ్లెనిస్‌కూ సిగ్గే. ఎండకు కమిలిన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది. "ఎలా కొట్టావు?" అని అడిగింది.

"ఏది?"

"మొదటిది."

డారిల్ ఆమె వైపు చూశాడు, నిజంగానే అడుగుతోందా అని. తర్వాత లేచి, పనిబూట్లతోనే మెట్లు దిగి కంకర మీదికి వెళ్ళాడు. బంతి ఎడమవైపు నుంచి వచ్చిందన్నాడు. ఒకడు ఇక్కడ, ఇంకొకడు వీపు మీద. ఇలా తిరిగాను. తిరిగాడు, పొట్ట కాస్త అడ్డొచ్చింది. లేని బంతిని రెండు చేతుల్లోంచి వదిలి కాలెత్తాడు. కంకర ఎగిరింది. గాల్లో దాన్ని చూస్తున్నట్టు కాసేపు అలాగే, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"పడిందా?" అంది గ్లెనిస్.

"మధ్యలోంచి."

రెండోది కూడా చెప్పమంది. అది చెబుతుండగానే పోల్నర్ల కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. జెడ్ దిగాడు, వెనక తల్లి దిగింది, ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపలున్నవాళ్ళంతా బయటికి తోసుకొచ్చారు. వాళ్ళ చేతుల్లోంచి బయటపడి జెడ్ మెట్ల దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది.

"మిసెస్ హెచ్, మీరు పొడుగువాణ్ణి తీసుకోమన్నారట?"

యారాబిన్‌లో మాట దాగదు. "అన్నాను," అంది గ్లెనిస్. "నీకు ఎడమకాలు లేదు."

"నేర్చుకుంటాను."

"నేర్చుకో మరి."

వాడు వంగి ఆమెను కావలించుకున్నాడు. సబ్బు వాసన, కొత్త చొక్కా వాసన. తెల్లవారకుండానే మెల్‌బోర్న్ బయల్దేరాలని, పొద్దుటికల్లా అక్కడుండమన్నారని తల్లి చెబుతోంది. వాడు డారిల్‌తో చెయ్యి కలిపాడు. డారిల్ ఆ చెయ్యి మామూలుకన్నా కాసేపు ఎక్కువ పట్టుకుని, మొదటి మ్యాచ్ ఎప్పుడో తెలియగానే కబురు పెట్టమన్నాడు, తనూ అక్కా వస్తామన్నాడు. గ్లెనిస్ తమ్ముడి మొహం వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

మర్నాడు పొద్దున టైర్లన్నీ ఖంగుమన్నాయి. ఆకాశంలో మబ్బు లేదు. కోతయంత్రాలు అప్పుడే దూరంగా మోగుతున్నాయి. పోల్నర్ల మలుపు దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే సిగ్నలు లైటు వేసింది, కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. గేటు ముందు బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. దారి మట్టిలో కారు చక్రాల జాడ తాజాగా ఉంది.

"జెడ్ ఇంక రాడు మిసెస్ హెచ్," అంది వెనక నుంచి ఒక చిన్నపిల్ల.

"తెలుసమ్మా," అంది గ్లెనిస్. అయినా తలుపు వెంటనే మూయలేదు. గేటు పక్క కంచె గుంజ మీద జెడ్ పాత ఆటబూటు ఒకటి బోర్లించి ఉంది, అడుగు మేకుల మధ్య చలికాలపు బురద ఎండి గట్టిపడి, లేసు ఒకటి గాలికి కదులుతూ.